అమ్మ పట్టుకున్న నాడి

మా స్కూలు గల్ఫులో, దుబాయి అవతల ఫుజైరాలో ఒక అద్దె విల్లా. ముందు వరండా, వెనక ఇసక, ఇసక దాటితే ఖాళీ జాగా, అది దాటితే కొండలు. ఆ కొండల్లోనే మా నాయన పనిచేసే క్రషర్ ఉండేది. రాయిని కంకర చేసే మిషన్లకు ఆయన మెకానిక్కు. మేం క్లాసులో ఉన్నప్పుడు ఒక్కోసారి దూరంగా కొండ పేల్చేవాళ్ళు. కిటికీ అద్దం సన్నగా వణికేది, నేను లేచి నిలబడేదాన్ని. ఎందుకు లేచావని టీచరు అడిగేది. కాళ్ళు లేచాయి, వాటితో పాటు నేనూ లేచాను.

అప్పుడు నేను ఏడో క్లాసు. ఎనభైల మొదటి సంవత్సరాలు. మాది రాయచోటి పక్క పల్లె. మేం దూదేకుల వాళ్ళం కాబట్టి ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన ఉర్దూ దుబాయొచ్చి నేర్చుకున్నదే, నా హిందీ స్కూల్లో నేర్చుకున్నదే. అమ్మకైతే రెండూ రావు. ఊళ్ళో ఉన్నప్పుడు పొద్దున లేస్తే ఇంటికీ చేనుకీ, ఇంటికీ అంగడికీ తిరుగుతూనే ఉండేదాన్ని. ఇక్కడికొచ్చాక రెండో అంతస్తులో రెండు గదులు. స్కూలు బస్సు దిగితే మెట్లు, మెట్లెక్కితే తలుపు, తలుపు మూస్తే ఏసీ గుర్రు. సాయంత్రం దాకా ఏం చేస్తాం చెప్పండి. వంటింటి గోడ నుంచి హాలు గోడ దాకా, మళ్ళీ హాలు గోడ నుంచి వంటింటి గోడ దాకా నడిచేదాన్ని. అమ్మ తిరగమోత పెడుతూ గరిటెతో గిన్నె అంచు మీద కొట్టి కూర్చోమనేది. కూర్చుంటే మోకాలు ఆడేది. కాళ్ళాడించకూడదని మళ్ళీ గరిటె చప్పుడు.

అట్లా ఉండగా ఒక చలికాలంలో వచ్చారు వాళ్ళిద్దరూ. ఇక్కడి ఇండియా వాళ్ళ సంఘం పెద్దలెవరో పిలిపించారు, స్కూలు పిల్లలకి ఆరోగ్యం గురించి, కసరత్తు గురించి ఆ చలికాలమంతా నేర్పించమని. ఒకాయన దేశం తరఫున హాకీ ఆడినవాడు. ఒకామె దేశం తరఫున పరుగెత్తినామె. ఆయన మగపిల్లల్ని తీసుకున్నాడు, ఆమె మమ్మల్ని తీసుకుంది. మేం ఆమెని దీదీ అనేవాళ్ళం. అంత పెద్ద ఆటగత్తె అంటే ఎత్తుగా, పెద్ద పెద్ద చేతులతో ఉంటుందని ఊహించుకున్నాను. ఆమె మా అమ్మంత ఎత్తే. నల్లగా, బక్కగా, బిగించిన జడ, కాళ్ళకు తెల్ల బూట్లు. నిలబడితే మాత్రం ఆ నేల తనదే అన్నట్టు నిలబడేది.

మొదటి రోజు ఆమె పాఠం చెప్పలేదు. అందరి టిఫిన్ డబ్బాలూ తెరిచి బల్లల మీద పెట్టమంది. జామ్ రాసిన బ్రెడ్డు, డబ్బా చీజు, చిప్సు, పక్కన కూల్‌డ్రింకు టిన్ను. ఎవరి డబ్బా చూసినా అదే. మా అమ్మలకి అదొక గొప్ప. సద్దన్నం తిని పెరిగినవాళ్ళు కదా, పిల్లకి ఇవి పెడితేనే దుబాయొచ్చినట్టు. హాకీ సారు చూసి మమ్మల్ని ఫ్రిజ్జు పిల్లలు అన్నాడు. ఆయన వెళ్ళేదాకా మాకు ఆ పేరే. దీదీ నవ్వలేదు. తన సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, ఖర్జూరాలు తీసి తలా కొన్ని పెట్టింది. తర్వాత వెనక ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళి పరుగెత్తమంది. సగం మంది సగం దూరంలోనే కూలబడ్డారు. ఒకమ్మాయి వాంతి చేసుకుంది. నేను ఆగలేదు. ఆగమని దీదీ ఈల వేస్తే అది నాక్కాదనుకున్నాను. కొండ మొదలు దాకా వెళ్ళి, అక్కడ ముందుకి దారి లేక వెనక్కి తిరిగాను.

తిడుతుందనుకున్నా. నా రెండు భుజాల మీదా చేతులు వేసి, ఇంట్లో ఏం చేస్తుంటావని అడిగింది. నడుస్తుంటాను అన్నాను. ఎక్కడికి అంది. వంటింట్లోంచి హాల్లోకి అన్నాను. అప్పుడు నవ్వింది.

ఆ జాగాలో గీతలు గీయడం ఒక పెద్ద కథ. సున్నం దొరకలేదు. కోల్డ్ స్టోరు అని పిలిచే కిరాణా అంగడాయన చెడిపోయిన పాలపొడి డబ్బాలు ఇస్తే, దీదీ తాడు పట్టుకుని ముందు నడిచింది, మేం వెనకాల పొడి చల్లుతూ తెల్లగా గుండ్రంగా గీశాం. చూసుకుని మురిసిపోయాం. తెల్లారి వచ్చి చూస్తే గీత లేదు. ఫుజైరా మేకలు అట్టపెట్టెలే వదలవు, పాలపొడి వదులుతాయా. శుభ్రంగా నాకేసి, ఇంకా ఎక్కడన్నా మిగిలిందేమోనని అక్కడే తిరుగుతున్నాయి. ఇంట్లో చెప్తే నాయన పడీ పడీ నవ్వాడు. మర్నాడు క్రషర్ నుంచి కాలిన ఇంజనాయిల్ డబ్బా తెచ్చి, తనే వంగి నల్లగా గీత పోశాడు. మేకలు వచ్చి వాసన చూసి వెళ్ళిపోయాయి. తన గీత మీద తన కూతురు పరుగెత్తుతోందని నాయనకి భలే సంబరం. క్రషర్లో పనిచేసే వాళ్ళందరికీ చెప్పుకున్నాడట.

ఇది చదివేవాళ్ళు, ఆడపిల్ల పరుగెత్తడమేంటని మా ఇంట్లో గొడవ పెట్టుంటారని అనుకుంటారు. లేదు. కాలికి తట్టుకోకుండా నా సల్వారు అంచు పైకి మడిచి కుట్టింది అమ్మే. నేర్పేది ఆడమనిషి. ఇంటికి తిరిగొచ్చాక పిల్ల ఒకచోట కూర్చుంటోంది, అడిగి అన్నం తింటోంది. అమ్మకి అంతకన్నా ఏం కావాలి. నాకు కూడా, ఫుజైరా వచ్చాక మొదటిసారి, ఒళ్ళు నాదే అనిపించింది. పొద్దున బస్సు కంటే ముందు దీదీ వ్యాను వచ్చేది. బడి గంట కొట్టేదాకా పరుగెత్తి, చెమటతోనే క్లాసుకెళ్ళేవాళ్ళం. చలికాలం చివర్లో షార్జాలో మన స్కూళ్ళ మధ్య పోటీలున్నాయి. మాది చిన్న స్కూలు, పెద్ద పరుగుకి ఒక్క ఆడపిల్లనే పంపొచ్చు. ఆ పిల్లవి నువ్వేనని దీదీ నాతో చెప్పింది. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు మళ్ళీ కాలు నిలవలేదు.

గొడవ వచ్చింది నాడి దగ్గర.

దీదీ మాకొక అలవాటు నేర్పింది. పొద్దున మెలకువ రాగానే లేవకూడదు. పడుకునే ఉండి, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, నాడి లెక్క పెట్టుకోవాలి. కొత్తలో గబగబా కొట్టుకుంటుందట. ఒళ్ళు పరుగుకి అలవాటయ్యే కొద్దీ గుండెకి బలమొచ్చి నిదానంగా కొట్టుకుంటుందట. ఎవరి నాడి ఎంత నిదానమైతే వాళ్ళు అంత గట్టివాళ్ళు. వ్యానులో మేం దాని మీద పోటీలు పెట్టుకునేవాళ్ళం. అందరికంటే నాదే నిదానం. నా ఠీవి చూడాలి అప్పుడు.

ఒకరోజు పొద్దున్నే పెదాలు కదుపుతూ లెక్క పెట్టుకుంటుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నిద్రలో ఏదో గొణుగుతున్నాననుకుందేమో.

“ఏమ్మే, ఏం లెక్క పెడ్తాండావు?”

చెప్పాను. గొప్పగానే చెప్పాను. ఎంత నిదానంగా ఉందో నువ్వే చూడమని చెయ్యి కూడా చాపాను. అమ్మ ముందు నవ్వుతూనే పట్టుకుంది. తర్వాత నవ్వు పోయింది. నన్ను పట్టుకున్న తన చేతి మణికట్టు మీదే రెండో చేతి వేళ్ళు పెట్టి, రెండు నాడులూ పోల్చి చూసింది. తనది టకటకా పోతోంది. నాది ఒకటి కొట్టి, ఆగి, ఆలోచించుకుని ఇంకోటి కొడుతోంది.

“ఎన్నాళ్ళ నుంచి ఇట్లుంది?”

గుండెకి బలమొచ్చిందని దీదీ చెప్పిన సంగతి నేను చెప్తూనే ఉన్నాను, అమ్మ వినడం లేదు. నాయన్ని లేపింది. ఆయన పట్టుకున్నాడు. పక్కింటి నెల్లూరు అక్కని పిలిచింది. ఆమె పట్టుకుంది. నెల్లూరు అక్క వాళ్ళాయన బజార్లో టైలరు. మనిషి మంచిదే గానీ, ఏ జబ్బు పేరు చెప్పినా ఆ జబ్బుతో పోయినవాళ్ళు ఒకరిద్దరు ఆమెకి తెలిసి ఉంటారు.

“ఏంది చెల్లే ఇది, ముసలోళ్ళ నాడి మాదిరుండాదే. పిల్ల రగతమంతా ఆ పరిగెత్తడంలోనే ఇగిరిపోయుంటది.”

ఆ ముక్క చాలు. కింద దీదీ వ్యాను హారన్ కొడుతోంది. అమ్మ నన్ను కిటికీ దగ్గరికి కూడా పోనివ్వలేదు. నాయన సర్దిచెప్పబోయాడు. మంచి మిషనైతే చప్పుడు తక్కువే చేస్తుందే అన్నాడు.

“నీ మిషనాగిపోతే ఇంగోటి తెచ్చుకుంటావు. ఖలాస్. నా బిడ్డ పరిగెత్తేది లేదు.”

అమ్మ నోట్లోంచి అరబ్బీ మాట రావడం అదే మొదటిసారి. నాయన టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. కింద హారన్ ఆగిపోయింది.

ఆ తర్వాత రోజులు నేనెట్లా గడిపానో నాకే తెలియదు. స్కూలు నుంచి రాగానే మంచం మీద పడుకోమనేది. పడుకుంటే నిద్ర పోనిచ్చేది కాదు. కన్ను మూతపడితే చాలు, అమ్మ వేళ్ళు మణికట్టు మీదికి వచ్చేవి. నిద్రలో నాడి ఇంకా నిదానమవుతుంది కదా, అది తగలగానే భుజం పట్టుకుని ఊపేది. లే, లేచి నీళ్ళు తాగు అనేది. తాగి పడుకుంటే మళ్ళీ ఊపేది. రోజూ మేకకాళ్ళ పాయా, రోజూ గుడ్లు, గ్లాసుడు బాదం పాలు. పరుగు లేకుండా అంత తిండి తింటే ఏమవుతుంది, ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. వంటింటి నుంచి హాల్లోకి నడవబోతే అదీ వద్దని కూర్చోబెట్టేది. క్లాసులో కొండ పేలకపోయినా లేచి నిలబడుతున్నాను. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళారు. ఆయన రొమ్ము మీద గొట్టం పెట్టి విని, పిల్ల బాగుంది, ఏమీ లేదని చెప్పి, విటమిన్ సీసా రాసిచ్చి పంపాడు. అంత తొందరగా చూసినాయనకి ఏం తెలుస్తుందని అమ్మ అంది. విటమిన్ సీసా మాత్రం వదల్లేదు.

నాకు అమ్మ మీద పిచ్చి కోపం. అమ్మకి చదువు లేదు కాబట్టి ఇట్లా చేస్తోందనుకున్నాను, ఆ ఏడో క్లాసు గర్వంతో. షార్జా పోటీలు దగ్గర పడుతున్నాయి. నా బదులు ఇంకో అమ్మాయిని పంపేస్తారేమోనని భయం. పొద్దున బస్సు స్కూలు ముందు మలుపు తిరుగుతుంటే, నల్ల గీత మీద మిగతావాళ్ళు పరుగెత్తుతూ కనిపించేవాళ్ళు. సీటు కింద నా కాళ్ళు వాటంతటవే తన్నుకునేవి. ముందు సీటమ్మాయి వెనక్కి తిరిగి, గాడిదా అని హిందీలో తిట్టింది కూడా.

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం దీదీనే మా ఇంటికొచ్చింది.

నాయన నమాజుకి వెళ్ళి ఇంకా రాలేదు. అమ్మ తలుపు తీసి, తల మీద కొంగు సర్దుకుని, లోపలికి రమ్మంది. ఎంత కోపమున్నా ఇంటికొచ్చిన మనిషి. ఫ్రిజ్జులోంచి కూల్‌డ్రింకు టిన్ను తీసి, గాజు గ్లాసులో పోసి, పళ్ళెంలో పెట్టి తెచ్చింది. దీదీ చేతులు జోడించి, మంచినీళ్ళు చాలంది. మా ఇళ్ళల్లో ఆ గ్లాసు వద్దంటే మీ ఇల్లే వద్దన్నట్టు. అమ్మ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది, పళ్ళెం లేకుండా.

నేను ఇద్దరి మధ్య చాప మీద కూర్చున్నాను. దీదీ హిందీ నేను తెలుగులో చెప్పాలి, అమ్మ తెలుగు నేను హిందీలో చెప్పాలి. మొదట్లో బాగానే సాగింది. పిల్లకి జబ్బు లేదని, పరుగెత్తేవాళ్ళ గుండె తక్కువ సార్లు కొట్టుకునే ఎక్కువ పని చేస్తుందని, ఇన్నేళ్ళుగా పరుగెత్తుతున్న తన నాడీ ఇంతేనని దీదీ చెప్పింది. అమ్మ తల వంచుకుని కొంగు అంచు మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది. నేను చెప్పింది వింటోందో లేదో కూడా తెలియలేదు. కాసేపటికి తలెత్తి, నావైపు కాదు, నేరుగా దీదీ వైపు చూసి, ఆమెకి తెలుగు వచ్చినట్టే మాట్లాడింది.

“దీనికంటే ముందర నాకొక పిలగాడుండె. రెండేండ్లోడు. జరమొచ్చింది. హకీం సాబు దగ్గరికి ఎత్తుకపోతే, చెయ్యి పట్టుకోని చూసి, నాడి నిదానిస్తాంది, ఇంటికి తీసకపొమ్మా అన్నాడు. ఇంట్లో నేను వాని చెయ్యి ఇడిసిపెట్టలేదు. మొదుట్లో బిరబిరా కొట్టుకుంటాండె. ఆయింక నిదానమాయె. ఇంగా నిదానమాయె. ఆయింక నాకే తెలీలేదు, వాని నాడి కొట్టుకుంటాండాదో, నా ఏళ్ళే కొట్టుకుంటాండాయో.”

నాకొక అన్న ఉండేవాడని ఆ పూట దాకా నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఫోటో లేదు. ఇంట్లో ఎప్పుడూ ఆ ఊసే లేదు. అమ్మ చెప్పడం ఆపింది, ఇప్పుడు నేను చెప్పాలి. దీదీ నా మొహం చూస్తోంది. జ్వరాన్ని హిందీలో ఏమంటారో తెలుసు, చేతిని ఏమంటారో తెలుసు, నిదానాన్ని ఏమంటారో తెలుసు. అన్నీ తెలిసిన మాటలే, ఒక్కటీ బయటికి రాలేదు. అమ్మకి ఒక బాబు ఉండేవాడు అని మొదలుపెట్టి, కాదు, నాకు అన్న ఉండేవాడు అని మార్చి, అక్కడే ఏడ్చేశాను. ఎంత చెప్పానో, ఎట్లా చెప్పానో గుర్తు లేదు. దీదీకి మాత్రం అర్థమైంది.

ఆమె గుండె గురించి ఇంకో ముక్క మాట్లాడలేదు. కుర్చీ దిగి చాప మీద అమ్మ ఎదురుగా కూర్చుని, తన చెయ్యి చాపి అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ కాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత పట్టుకుంది. నేను ముక్కు తుడుచుకుంటూ అమ్మ మొహం చూస్తున్నాను, ఇప్పుడన్నా నమ్ముతుందా అని. దీదీ నాడి నా నాడికన్నా నిదానం, మేమందరం పట్టుకుని చూసిందే.

అమ్మ మొహం మెత్తబడింది. జాలితో.

“ఈ పిల్లకి పెండ్లయిందా, అడుగు. ఇంటికాడ చూసుకునేవాళ్ళు ఎవురన్నా ఉండారా ఈమెకి?”

అంతే. జబ్బు మా ఇద్దరికీ ఉందని తేల్చేసింది. అయితే జబ్బు మనిషి మీద కోపం ఎట్లా నిలుస్తుంది చెప్పండి. దీదీని లేవనివ్వలేదు. పాయా వేడి చేసింది, చపాతీలు కాల్చింది, నెల్లూరు అక్క పంపిన ఉల్లిపాయ పకోడీలు గిన్నెతో తెచ్చి ముందు పెట్టింది. నూనె సరుకు ముట్టకూడదని మాకు రోజూ పాఠం చెప్పే దీదీ అన్నీ తింది. మళ్ళీ వడ్డిస్తే మళ్ళీ తింది.

వెళ్ళేటప్పుడు బూట్లు కట్టుకుంటూ ఒకటి అడిగింది. రేపు పొద్దున అమ్మని గ్రౌండుకి రమ్మను, నువ్వు పరుగెత్తే ముందు నీ చెయ్యి పట్టుకోమను, పరుగెత్తాక కూడా పట్టుకోమను, అప్పుడు కూడా వద్దంటే ఇక నేను అడగను అంది. అమ్మ సరేనంది. జబ్బు మనిషి అడిగింది కదా.

అమ్మ మా స్కూలు గేటు లోపలికి రావడం అదే మొదలు. తోడుకి నెల్లూరు అక్క, చేతిలో బాదం పాల ఫ్లాస్కు. నల్ల గీత పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. నిదానం. నెల్లూరు అక్కకి ఇచ్చింది. ఆమె కూడా చూసి పెదవి విరిచింది. దీదీ ఈల వేసింది.

అన్ని రోజుల తర్వాత నేల నా కింద పరుగెత్తింది. పాయా అంతా పొట్టలో బిందెలా ఊగుతోంది. మొదటి మలుపుకే ఎగపోసింది, డొక్కలో సూదులు పొడిచినట్టు నొప్పి. ఆగితే మళ్ళీ మంచమే కదా అనుకుని ఆగలేదు. చుట్టు తిరిగి వచ్చి అమ్మ ముందు పడబోయినట్టు నిలబడ్డాను. అమ్మ నా చెయ్యి లాక్కుంది. నాడి ఆమె వేళ్ళని ఎగరేస్తోంది, నాకే తెలుస్తోంది.

“అక్కా, చూడు. దడదడా కొట్టుకుంటాండాది.”

నెల్లూరు అక్క పట్టుకుని, ఇప్పుడు పిల్ల నాడి పిల్ల నాడి లాగే ఉందని ఒప్పుకుంది. అమ్మ నావైపు తిరిగింది. ఆ కళ్ళల్లో అంత వెలుగు చూసి చాలా రోజులైంది.

“కూర్చోబెట్టి నేనే చెడగొడ్తాండా. పరిగెత్తు. ఇంగో చుట్టు పోయి రా.”

మీ అమ్మ ఏమంటోందని దీదీ అడిగితే చెప్పాను. ఆమె అరచేత్తో నుదురు కొట్టుకుంది. అట్లా కాదు, నిదానమే మంచిదని చెప్పమంది. చెప్పాను. అమ్మ అంతా విని, పాపం ఆమె జబ్బు ఆమెకి తెలీదు, ఆమెని గూడా పరిగెత్తమను అంది. అటుగా వెళ్తున్న హాకీ సారు సంగతి తెలుసుకుని, పంపిస్తోంది కదా, ఎందుకు పంపిస్తే నీకేంటని దీదీతో అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పద్ధతి తిరగబడింది. కూర్చుంటే గరిటె చప్పుడు, నడువు నడువు అని. దీదీ వ్యాను రాకముందే లేపి మెట్ల దగ్గర నిలబెట్టేది. మంచినీళ్ళు తెమ్మంటే పరిగెత్తి తెమ్మనేది. సాయంత్రం నెల్లూరు అక్కని కాపలా పెట్టి మేడ మీద తిప్పేది. పరుగైతే దక్కింది గానీ నిద్ర దక్కలేదు. పడుకోగానే మళ్ళీ అవే వేళ్ళు, మళ్ళీ భుజం పట్టి ఊపడం. నాడి నెమ్మదిస్తే అమ్మకి మళ్ళీ ఆ పిల్లవాడే. కారణం తెలిశాక నాకు కోపం కూడా రాలేదు, కోప్పడగలిగితే బాగుండేది. అమ్మ కళ్ళ కింద నలుపు, నా కళ్ళ కింద నలుపు. దీదీ చెప్పే ఆరోగ్య పాఠాల్లో నిద్రే పెద్ద పాఠం. నేను లెక్కల క్లాసులో బల్ల మీద తల పెట్టి ఆ పాఠం నెరవేర్చుకునేదాన్ని. ఇట్లా అయితే షార్జాలో సగం దూరంలో కూలబడతావని దీదీ అంది. నేనేం చేసేది.

షార్జాకి అమ్మ కూడా వస్తానంది. దీదీ కూడా అదే అడగాలనుకుందట. బస్సెక్కే ముందు నాతో చెప్పించింది: పరుగు అయిపోగానే కూతురి చెయ్యి పట్టుకోండి, కానీ కూర్చోబెట్టొద్దు, మళ్ళీ పరుగెత్తించొద్దు, పక్కన నడవండి, నేను చెప్పేదాకా చెయ్యి వదలొద్దు. వదులుతానా అంది అమ్మ.

కొండల మధ్య దారి, మసాఫీ, ధైద్ ఊళ్ళు, తర్వాత అంతా ఇసక. దారంతా నా మోకాలు ఆడుతూనే ఉంది. అమ్మ దాని మీద చెయ్యి పెట్టింది గానీ ఆపమనలేదు.

గ్రౌండు మాదానికంటే చాలా పెద్దది. నిజం సున్నం గీతలు. పెద్ద స్కూళ్ళ పిల్లలు ఒకే రంగు బట్టల్లో ఉన్నారు. ఈల పడగానే నేను అలవాటుగా అందరికంటే ముందు దూకాను, దీదీ వద్దని చెప్పినా. మొదటి చుట్టు నాదే. రెండో చుట్టులో, దీదీ అన్నట్టే, కాళ్ళల్లో నిద్ర దిగింది. ఒక పొడుగమ్మాయి మోచేత్తో నన్ను పక్కకి తోసి దాటింది, తర్వాత ఇంకో అమ్మాయి దాటింది. తాడు అవతల అమ్మ, ఒక చేత్తో కొంగు పట్టుకుని, నాతో సమానంగా గబగబా నడుస్తోంది. చివరి గీత దాటేసరికి మూడోదాన్నయ్యాను.

ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అమ్మకి పట్టలేదు. తాడు కింద నుంచి దూరి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దీదీ చెప్పినట్టే ఇద్దరం గ్రౌండు అంచున నడవడం మొదలుపెట్టాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. రొప్పుతూనే తిట్టడం మొదలుపెట్టాను. ఆ పొడుగుది నన్ను తోసిందమా, ఈల వేసే సారు చూసి కూడా ఏమనలేదు, మొదటి చుట్టులో నేనే ముందున్నా నువ్వు చూశావు కదా, నాకు దాహమేస్తోంది, బూటు కరుస్తోంది, ఆ రెండోదానికి జడే లేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. అమ్మ వేళ్ళ కింద నా నాడి దడదడా నుంచి టకటకకి దిగింది, టకటక నుంచి ఇంకా కిందికి. ఒకచోట అమ్మ నడక ఆగింది. వేళ్ళు బిగుసుకున్నాయి. నాడి ఎక్కడికి దిగిందో నాకు అర్థమై నేనూ మాట ఆపేశాను.

“మాట్లాడు,” అంది అమ్మ. “ఆపాకు. మాట్లాడతానే ఉండు.”

మాట్లాడాను. ఏం మాట్లాడానో. ఆ పొడుగమ్మాయి స్కూలు గురించి, నెల్లూరు అక్క పకోడీల గురించి, లెక్కల టీచరు గురించి, ఆకలేస్తోందని, బిర్యానీ కావాలని. నాడి నిదానించింది, ఇంకా నిదానించింది, పొద్దున మంచం మీద ఉన్నంత నిదానమైంది. నేను అప్పటికీ బిర్యానీ దగ్గరే ఉన్నాను. అమ్మ నా నోటినీ నా చేతినీ మార్చి మార్చి చూస్తోంది. గ్రౌండు చుట్టూ అట్లా ఎన్నిసార్లు తిరిగామో, మూడో బహుమతి ఇవ్వడానికి మా స్కూలు పేరు పిలిస్తే దీదీ వెళ్ళి తీసుకుంది.

తిరుగు బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ధైద్ దాటేదాకా నాకు తెలుసు. తర్వాత నిద్ర పట్టేసింది.

మసాఫీ దగ్గర బస్సు గతుక్కుమంటే మెలకువ వచ్చింది. ఎవరూ ఊపలేదు. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. వెనక నుంచి పొద్దు పడి ముందు కొండలన్నీ ఎర్రగా ఉన్నాయి, అమ్మ కిటికీకి తల ఆనించి వాటిని చూస్తోంది. నేను కదిలానని తెలిసి ఇటు తిరిగింది.

“ఇంగా దూరముండాదంట. పండుకో.”